ఇంటి చిరునామా అనే గడి

పోయిన డిసెంబరు మూడో వారం సంగతి. ఇంగ్లండ్‌లో నేను పనిచేసే యూనివర్సిటీలో హాల్స్, అంటే హాస్టళ్లు, సగం ఖాళీ అయిపోయాయి. పొద్దున్నుంచీ మా హెల్ప్‌డెస్క్ ముందు సూట్‌కేసులు దొర్లుతూనే ఉన్నాయి. రెండో సంవత్సరం కుర్రాడొకడు వచ్చి, "ఇరవై నాలుగో తారీఖున లైబ్రరీ ఎన్నింటి దాకా ఉంటుంది?" అని అడిగాడు. మధ్యాహ్నం రెండింటికి మూసేస్తారని చెప్పాను. "మళ్లీ ఎప్పుడు తీస్తారు?" జనవరి రెండున. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "ఎనిమిది రోజులు" అని తనలో తను అనుకున్నాడు.

అప్పటికీ నాకు వెలగలేదు. "పరీక్షలు జనవరిలోనే కదా, ఇంటికెళ్లి అమ్మ చేతి వంట తింటూ హాయిగా చదువుకో" అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాననుకోండి, కానీ ఆ మాట నాలో ఉన్న తెనాలి పిన్నిది. "నాకు అలాంటిది లేదు" అన్నాడు, గొడుగు లేదన్నంత మామూలుగా. నేను అక్కడ ఆగి ఉంటే బావుండేది. ఆగలేదు. "ఎంతైనా అమ్మ కదా, ఒక్కసారి ఫోన్ చేసి చూడు" అన్నాను.

అతను కోప్పడలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు: "ఫోన్ చేస్తే నా లోను పోవచ్చు."

ఈ డెస్కులో ఆరేళ్లుగా ఉన్నాను. ఐడీ కార్డు పారేసుకున్నవాళ్లు, తాళం లోపలే వదిలి తలుపు వేసుకున్నవాళ్లు, ఫీజు కట్టినట్టు ఉత్తరం కావాలన్నవాళ్లు, రోజూ నా ముందుకొస్తారు. అమ్మకి ఫోన్ చేస్తే డబ్బు పోతుందన్న మాట మాత్రం అదే మొదటిసారి వినడం. క్రిస్మస్ సెలవులంతా ఇంట్లో కూర్చుని ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను. చదివాక ఒక అభిప్రాయానికొచ్చాను. ఇంటితో తెగిపోయిన ఇలాంటి పిల్లల గురించి జరుగుతున్న పరిశోధన మంచిదే, కానీ వాళ్లని మరీ దగ్గర్నుంచి చూస్తోంది. చూడాల్సింది యూనివర్సిటీని. ప్రతి విద్యార్థి వెనకా ఒక ఇల్లుందని అనుకుని కట్టిన వ్యవస్థ ఇది. ఆ ఇల్లు లేనివాణ్ని "లేదని రుజువు చెయ్యి" అంటోంది.

తెగిపోయిందని రుజువేది?

ఇంగ్లండ్‌లో డిగ్రీ చదివే పిల్లలకి ఫీజు లోను కాక, తిండికీ అద్దెకీ మెయింటెనెన్స్ లోను ఇస్తారు. అది అమ్మానాన్నల ఆదాయాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. 2024-25లో ఇల్లు వదిలి లండన్ బయట చదివేవాళ్లకి ఎక్కువలో ఎక్కువ 10,227 పౌండ్లు, తక్కువలో తక్కువ 4,767. అమ్మానాన్నల ఆదాయం కాగితాలు పెట్టకపోతే ఆ తక్కువే వస్తుంది. చాలా ఊళ్లలో అది గది అద్దెకే సరిపోదు. ఇరవై అయిదేళ్లు నిండేదాకా నువ్వు అమ్మానాన్నల మీద ఆధారపడినవాడివనే లెక్క.

మినహాయింపులు ఉన్నాయి. తల్లిదండ్రులు చనిపోయి ఉండాలి, లేదా కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) సంరక్షణలో పెరిగి ఉండాలి, లేదా మూడేళ్లు సొంత సంపాదనతో బతికి ఉండాలి, లేదా నీకే ఒక బిడ్డ ఉండాలి, లేదా పెళ్లయి ఉండాలి. ఆఖరి మినహాయింపు "ఎస్ట్రేంజ్డ్". అంటే అమ్మానాన్నలతో మళ్లీ కలిసే వీల్లేనంతగా తెగిపోవడం, లేదా ఏడాదిగా ఇద్దరితోనూ మాటల్లేకపోవడం.

ఇందులో పెళ్లి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పంతొమ్మిదేళ్ల పిల్ల ఇంట్లో దెబ్బలు పడలేక బయటికొచ్చేస్తే, ఆ సంగతి తెలిసిన టీచరో, డాక్టరో, సోషల్ వర్కరో, పోలీసో ఉత్తరం రాసివ్వాలి. అదే పిల్ల పెళ్లి చేసుకుంటే ఒక్క సర్టిఫికెట్ చాలు. అమ్మానాన్నల ఆదాయం ఎవరూ అడగరు, మొగుడి ఆదాయం అడుగుతారు. ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదని మనవాళ్లు అనేది ఇదే కదా! ఇక్కడ మగపిల్లలకీ వర్తింపజేశారు, అంతే తేడా.

ఉత్తరం అనేది చెప్పినంత సులువు కాదు. ఉత్తరం రాయాలంటే ముందు ఎవరికో ఒకరికి తెలిసుండాలి. ఇంట్లో ఏం జరుగుతోందో బయటికి పొక్కనివ్వకుండా పదేళ్లు నెట్టుకొచ్చిన పిల్లకి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఎంత బాగా దాచుకుంటే ఇప్పుడు అంత నష్టం.

ఒక్క ఫోన్ కాల్‌తో లోను నిజంగా పోతుందా? నిబంధనలు అంత గట్టిగా ఏమీ చెప్పవు. అప్పుడొకటి ఇప్పుడొకటి మాట్లాడినంత మాత్రాన అనర్హత రాదని వాదించొచ్చు. కానీ అతని భయం గాల్లోంచి పుట్టలేదు. స్టూడెంట్ లోన్స్ కంపెనీ మోసాల్ని పట్టుకునే పేరుతో ఇలాంటి విద్యార్థుల సోషల్ మీడియా పేజీలు తిరగేసిందని 2018లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. అలాంటి సంగతి ఒకటి చెవిన పడ్డాక ఏ పిల్లాడైనా అమ్మ పుట్టినరోజుకి ఒక మెసేజ్ పెట్టే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.

మన పాఠకుల్లో కొందరు ఈపాటికే అనుకుంటూ ఉంటారు: పిల్లలు తల్లిదండ్రుల్ని వదిలేసి వస్తే మనం ప్రోత్సహించాలా, కలపాలి గానీ, అని. నేనూ ఆ బాపతే, లేకపోతే ఆ రోజు ఆ సలహా ఇచ్చేదాన్ని కాదు. కానీ కలపాలనుకునేవాళ్లకే ఈ పద్ధతి మీద ఎక్కువ కోపం రావాలి. మాట కలిపితే డబ్బు ఆగుతుందేమో అని భయపడే పిల్లాడు మాట ఎలా కలుపుతాడు?

ఒకే సొరుగులో ఇద్దరు

పరిశోధన పత్రాల్లో "కేర్ ఎక్స్‌పీరియన్స్‌డ్, ఎస్ట్రేంజ్డ్" అని రెండు మాటలూ జంటగా కనిపిస్తాయి, రామలక్ష్మణుల్లాగా. యూనివర్సిటీ వెబ్ పేజీల్లోనూ అంతే. చదివిన కొద్దీ నాకు ఈ జంట మీదే అనుమానం పెరిగింది.

కేర్‌లో పెరిగిన పిల్లలంటే ఇంట్లో ఉండలేని పరిస్థితిలో కౌన్సిల్ బాధ్యత తీసుకుని ఫోస్టర్ కుటుంబంలోనో, చిల్డ్రన్స్ హోములోనో, కొన్నిసార్లు బంధువుల దగ్గరో ఉంచిన పిల్లలు. వాళ్లకి తల్లిదండ్రి కౌన్సిలే, కనీసం కాగితం మీద. 1989 నాటి పిల్లల చట్టం, కేర్ నుంచి బయటికొచ్చేవాళ్ల కోసం 2000లో వచ్చిన చట్టం, డిగ్రీలో చేరితే 2,000 పౌండ్ల బర్సరీ, అంటే ఆర్థిక సాయం, ఇవ్వాలన్న 2008 చట్టం, ఇరవై అయిదేళ్ల దాకా ఒక సలహాదారుణ్ని ఇవ్వాలన్న 2017 చట్టం, ఇవన్నీ వాళ్ల కోసం వచ్చాయి. (ఆ 2,000 ఇన్నేళ్లయినా 2,000గానే ఉంది. ఈ మధ్యలో బ్రెడ్డు ధర ఎంత పెరిగిందో ఎవరూ చూడలేదు కాబోలు.) ఇందులోనూ గీతలున్నాయి. పద్నాలుగేళ్లు నిండాక పదమూడు వారాలైనా కేర్‌లో ఉండి, పదహారో పుట్టినరోజు తర్వాత కూడా ఉంటేనే ఆ హక్కుల్లో చాలావరకు వస్తాయి. పన్నెండేళ్లకే కేర్ నుంచి ఇంటికి పంపేసిన పిల్ల లెక్కలోకి రాదు. అందుకే స్కాట్లండ్ వాళ్లు "కేర్ ఎక్స్‌పీరియన్స్‌డ్" అన్న విశాలమైన మాటని వాడకంలోకి తెచ్చారు: ఎప్పుడైనా, ఎంతకాలమైనా సరే. అక్కడ అలాంటి విద్యార్థికి ఏడాదికి 9,000 పౌండ్ల బర్సరీ ఉంది, తిరిగి కట్టక్కర్లేదు. కనీస అర్హత ఉంటే సీటు ఖాయమని అక్కడి యూనివర్సిటీలు 2019లోనే మాటిచ్చాయి.

ఇంటి నుంచి తనంతట తాను తెగిపోయిన పిల్లాడికి ఇందులో ఏదీ లేదు. అతని ఫైలు ఏ ఆఫీసులోనూ ఉండదు. పద్దెనిమిది దాటాక బయటికొచ్చినవాణ్ని కౌన్సిల్ పట్టించుకోదు. యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే యూకాస్ సంస్థ "మీరు కేర్‌లో పెరిగారా?" అనే ప్రశ్నని 2008లో చేర్చింది. "మీరు తల్లిదండ్రులతో తెగిపోయారా?" అనే ప్రశ్న 2023 ప్రవేశాల దరఖాస్తులో వచ్చింది. మధ్యలో పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో ఎంతమంది అలా చేరారో, ఎంతమంది మానేశారో చెప్పే లెక్క దరఖాస్తుల్లో లేదు. అడిగితే కదా ఉండడానికి.

పరిశోధనలోనూ ఇదే ఎగుడుదిగుడు. కేర్ నుంచి యూనివర్సిటీకి వచ్చినవాళ్ల మీద సోనియా జాక్సన్ బృందం చేసిన పని 2005లోనే వచ్చింది. 129 మందిని ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. అప్పట్లో కేర్ పిల్లల్లో యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు నూటికి ఒకరు అనేవాళ్లు. ఇప్పుడు పంతొమ్మిదేళ్లకి దాదాపు ఏడుగురిలో ఒకరు వెళ్తున్నారు, మిగతా పిల్లల్లో దాదాపు సగం మంది వెళ్తున్నారు. తెగిపోయిన కుటుంబాల మీద బ్రిటన్‌లో అందరూ చెప్పుకునే సర్వే "హిడెన్ వాయిసెస్" రావడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. స్టాండ్ అలోన్ అనే స్వచ్ఛంద సంస్థ, కేంబ్రిడ్జి పరిశోధకులు కలిసి 807 మందిని అడిగి రాశారు. పండగ రోజులే అన్నిటికన్నా కష్టమని అందులో చెప్పినవాళ్లు చాలామంది. లైబ్రరీ కుర్రాడి ఎనిమిది రోజులు నాకు అక్కడ మళ్లీ కనిపించాయి.

ఇద్దర్నీ ఒకే సొరుగులో పెట్టడం వల్ల రెండోవాడికి లాభమేగా అని మీరనొచ్చు. కొంత నిజమే. మొదటివాడి కోసం తెరిచిన తలుపులోంచే రెండోవాడు లోపలికొస్తున్నాడు. యునైట్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఇద్దరికీ కలిపే ఉచిత గది ఇస్తోంది, ఏడాదికి 365 రోజులూ. ఆ 365 అన్న అంకె ఎవరు పెట్టారో గానీ, వాళ్లకి విషయం తెలుసు. మామూలు హాల్స్ ఒప్పందాలు వేసవికి అయిపోతాయి. అందరూ ఇంటికెళ్తారు కదా మరి.

నా పేచీ ఎక్కడంటే, తలుపు ఒకటే అయినా కాపలావాడు అడిగేది వేరు. కేర్ పిల్లాడు కౌన్సిల్ ఉత్తరం చూపిస్తాడు. రెండోవాడు తన కథ చెప్పుకోవాలి. ముందు ఫైనాన్స్ వాళ్లకి, తర్వాత బర్సరీ వాళ్లకి, తర్వాత హాల్స్ వాళ్లకి. ప్రతి టేబుల్ దగ్గరా గాయం మళ్లీ విప్పి చూపించాలి.

మొండితనం మీద మోజు

నీల్ హారిసన్ అనే పరిశోధకుడు 2017లో రాసిన నివేదికలో రెండు అంకెలు పక్కపక్కనే ఉన్నాయి. కేర్ నుంచి వచ్చినవాళ్లు, తమలాంటి నేపథ్యం, తమలాంటి మార్కులూ ఉన్న మిగతావాళ్లతో పోలిస్తే, మధ్యలో మానేసే అవకాశం సుమారు 38 శాతం ఎక్కువ. కానీ మానేయకుండా నిలబడినవాళ్లకి మంచి క్లాసులో పాసయ్యే అవకాశం ఆ మిగతావాళ్లతో సమానం.

ఈ రెండూ కలిపి చదవండి. బుర్ర సమస్య కాదు. చదువు సమస్య కాదు. మరి మానేయడం ఎందుకు ఎక్కువ? ఎనిమిది రోజుల లైబ్రరీ, జూన్‌లో ఖాళీ చెయ్యాల్సిన గది, పాడైపోయిన లాప్‌టాప్, దంతం నొప్పి. ఇంట్లో ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే చిల్లర కష్టాలు ఇవి. ఫోన్ చెయ్యడానికి ఎవరూ లేకపోతే ఇవే చిల్లర కష్టాలు చదువుని మింగేస్తాయి.

అయినా ఇంటర్వ్యూలతో చేసిన అధ్యయనాల్లో, యూనివర్సిటీల ప్రచార పేజీల్లో మళ్లీ మళ్లీ వచ్చేది పట్టుదల అన్న మాట. అన్నీ పోగొట్టుకుని, పట్టుదలతో డిగ్రీ తెచ్చుకున్న అమ్మాయి కథ. నాకూ ఆ కథలు ఇష్టమే, చదివితే కళ్లు చెమర్చాయి కూడా. తర్వాత అనుమానం వచ్చింది. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లంతా నిలబడినవాళ్లే కదా! మొదటి ఏడాది ఫిబ్రవరిలో మానేసి గోడౌన్లో రాత్రి షిఫ్టుకి పోయినవాడు ఏ పరిశోధకుడికీ దొరకడు. దొరికినా ఏమంటాడు, "నాకు పట్టుదల లేదు" అనా?

మన దగ్గర పరీక్షా ఫలితాలొచ్చిన రోజు పేపరు చూడండి. వాచ్‌మన్ కొడుక్కి ర్యాంకు, కూలీ కూతురికి మెడిసిన్ సీటు. పక్కన ఫొటోలో అమ్మో నాన్నో మిఠాయి తినిపిస్తూ ఉంటారు. ఎంత పేదరికమైనా సరే, ఆ ఫొటోలో మిఠాయి పట్టుకున్న చెయ్యి ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ చెయ్యి లేని పిల్లల ఫొటో నేను చూసినంతలో ఎక్కడా పడలేదు.

మా అక్క ఆదాయ ధ్రువపత్రం

ఇదంతా చదువుతున్నప్పుడు "ఎస్ట్రేంజ్డ్"కి తెలుగులో ఏమనాలా అని వెతికాను. అనాథ అంటే తప్పు, అమ్మానాన్నలు బతికే ఉన్నారు. ఎడబాటు అంటే ప్రేమ పాటలా ఉంటుంది. వెలి అంటే ఊరు చేసేది. తెగతెంపులు అన్నది దగ్గరగా ఉంది గానీ, మనం దాన్ని పెళ్లి సంబంధాలకీ వ్యాపారాలకీ వాడతాం. మాట లేకపోవడానికి కారణం అలాంటి పిల్లలు లేకపోవడం కాదు. మా పెద్దనాన్న కూతురే ఉంది.

అక్క పీజీ మొదటి ఏడాదిలో ఉండగా, వేరే కులం అబ్బాయిని ఇష్టపడిందని తెలిసి పెద్దనాన్న రాకపోకలు ఆపేశారు. పెళ్లి కాలేదు, కేవలం ఇష్టపడింది. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి ఆదాయ ధ్రువపత్రం కావాలి. తండ్రి ఆధార్, రేషన్ కార్డు జిరాక్సు లేకుండా పని కాదన్నారు. "తండ్రి పేరు" అన్న గడిలో పేరు రాసింది, కాగితాలు ఎక్కణ్నుంచి తెస్తుంది? మండలాఫీసులో ఒకాయన దయగా, "పోనీ మీ నాన్నగారు లేరని రాసిద్దామా అమ్మా?" అన్నాడట. చనిపోయారని రాస్తే పని సులువు. అక్క ఒప్పుకోలేదు. ఏడాది చదువు ఆగింది. తర్వాత పూర్తి చేసిందనుకోండి, కానీ అది వేరే కథ, పట్టుదల కథ అసలే కాదు. ఒక స్నేహితురాలి అమ్మ అప్పిచ్చింది.

ఆ దయగల మనిషిని నేనిప్పటికీ మర్చిపోలేను. చావుకి కాగితం ఉంది, తెగిపోవడానికి లేదు.

మన దగ్గర ఇలాంటి పిల్లల గురించి అసలు పట్టించుకోలేదని కాదు. 2015 జువనైల్ జస్టిస్ చట్టం ప్రకారం హోముల్లో పెరిగినవాళ్లకి పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్‌కేర్, అంటే హోము నుంచి బయటికొచ్చాక సాయం, ఉంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకి 4,000 రూపాయలు కూడా ఉన్నాయి. ఇరవై ఒకటికి బీటెక్ అయ్యేవాళ్లు అవుతారు, కానివాళ్లు కారు. అది హోములో పెరిగినవాళ్ల సంగతి. ఇల్లు ఉండి, ఆ ఇంటికి పోలేని అక్కలాంటివాళ్లు ఏ పథకంలోనూ కనిపించరు. ఆంధ్రలో కొన్నేళ్ల పాటు ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు, గుర్తుందిగా. తల్లి చేతికి డబ్బు రావడం మంచిదే, దాని వెనక ఆలోచన నాకు అర్థమవుతుంది. కానీ అమ్మతో మాటల్లేని పిల్ల ఆ డబ్బు ఎలా అడగాలో ఆలోచించిన మనిషి ఆ గదిలో ఉన్నట్టు లేదు.

ఇక్కడికి వచ్చే మన పిల్లల సంగతి ఇంకా ఘోరం. రెండేళ్ల కింద ఒక తెలుగమ్మాయి డెస్కు దగ్గరికొచ్చి, నా బ్యాడ్జి మీద పేరు చూసి, తెలుగులోనే గొంతు తగ్గించి మాట్లాడింది. ఇంట్లో చూసిన సంబంధం వద్దంది. నాన్న రెండో విడత ఫీజు ఆపేశాడు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఇక్కడి ప్రభుత్వ సాయం ఉండదు, చదువు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలకి మించి పని చెయ్యకూడదు. ఎస్ట్రేంజ్డ్ అనే గుర్తింపు లోను అర్హత ఉన్న ఇక్కడి పిల్లలకే పనికొస్తుంది. మేం చెయ్యగలిగింది వాయిదా కోసం ఒక మెయిల్ పెట్టడం. పెట్టాం. ఆమె ఏ పరిశోధకుడి పట్టికలోనూ ఉండదు. మా లెక్కలో ఆమె "ఫీజు బకాయి".

గ్యారంటర్ బాధ మన పిల్లలందరికీ తెలిసిందే. ఈ దేశంలో ఆదాయం ఉన్నవాళ్లు సంతకం పెడితే గానీ ఇల్లు అద్దెకివ్వరు, లేదంటే ఆరు నెలల అద్దె ముందే కట్టమనేవాళ్లు. మొదటి వారమే మనవాళ్లంతా తిట్టుకునే విషయం ఇది. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇంటి నుంచి తెగిపోయిన తెల్ల కుర్రాడిదీ అదే పరిస్థితి. సొంత దేశంలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ అన్నమాట.

అడక్కుండా ఇస్తే దోచుకోరా?

మా ఆఫీసులో పాతికేళ్ల సర్వీసున్న పెద్దాయన ఒకడున్నాడు. టీ తాగుతూ నా వాదనంతా విని ఒక్కటే అడిగాడు: "రుజువు అడక్కపోతే, అమ్మానాన్నల ఆదాయం ఎక్కువున్న ప్రతివాడూ తెగిపోయాననే అంటాడు. ఉన్న డబ్బు అందరికీ పంచితే, నీ లైబ్రరీ కుర్రాడికి మిగిలేదెంత?"

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయిదు వేల పౌండ్లకి పైగా తేడా ఉన్నప్పుడు అబద్ధమాడే వాళ్లుంటారు. ఆదాయ ధ్రువపత్రాల విషయంలో మన దగ్గర ఏం జరుగుతుందో తెలిసినదాన్ని, మనుషులంతా సత్యహరిశ్చంద్రులని ఎలా వాదించను? కాబట్టి లోను దగ్గర ఏదో ఒక తనిఖీ ఉంటుందని ఒప్పుకుంటాను. ఒక్కసారి అడగండి, ఒక్కచోట అడగండి, మిగతా టేబుళ్లన్నీ ఆ ఒక్క కాగితాన్నే నమ్మాలి. అమ్మకి మెసేజ్ పెట్టడాన్ని మాత్రం సాక్ష్యంగా వాడకండి.

కానీ నేనడిగేవాటిలో సగానికి రుజువుతో పనే లేదు. పండగ వారంలో లైబ్రరీలో ఒక అంతస్తు తెరిచి ఉంచితే ఎవడు మోసం చేస్తాడు? ఇల్లున్నవాడు క్రిస్మస్ నాడు ఇల్లొదిలి వచ్చి అక్కడ కూర్చుంటాడా? హాల్స్ ఒప్పందం ఏడాది పొడుగునా కావాలా అని అందర్నీ అడగొచ్చు. గ్యారంటర్‌గా యూనివర్సిటీయే నిలబడొచ్చు, కొన్ని నిలబడుతున్నాయి కూడా. ఇవన్నీ ఎవరి కథా అడక్కుండా చెయ్యగలిగినవి.

పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు, అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. గుర్తింపు గడులు తీసేస్తే లెక్కలుండవు, లెక్కలు లేకపోతే నిధులుండవు, 2023కి ముందున్నట్టే అవుతుంది అన్నాడు. పైన పదిహేనేళ్ల గురించి అంత గోల పెట్టిన నేనే ఇప్పుడు ప్రశ్నలు వద్దంటే కుదరదు. నిజమే. లెక్క కోసం అడగండి, కానీ సాయానికి అది గేటు కాకూడదు అన్నాను. "ఆ రెండూ విడదీయడం నువ్వనుకున్నంత తేలిక కాదు" అన్నాడు. కాదేమో.

నా చేతిలో ఉన్నది చిన్న పని. మా డెస్కు ఫారంలో "ఇంటి చిరునామా", "అత్యవసరంలో ఫోన్ చెయ్యాల్సిన కుటుంబ సభ్యుడు" అని రెండు గడులున్నాయి. పక్కన ఎర్ర నక్షత్రం, నింపకపోతే ఫారం ముందుకు పోదు. మొదటిదాన్ని "సెలవుల్లో ఎక్కడ ఉంటారు?" అనీ, రెండోదాన్ని "ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?" అనీ మార్చమని, నక్షత్రాలు తీసెయ్యమని జనవరిలో ఐటీ వాళ్లకి టికెట్ పెట్టాను. వచ్చే విద్యా సంవత్సరం లోపు చూస్తామన్నారు. మార్చిలో గుర్తు చేస్తే అదే జవాబు కాపీ చేసి పంపారు.

వాళ్లు చూసేలోపు పిల్లలు ఆ గడులు ఎలా నింపుతున్నారో చూద్దామని, నాకు చూసే అనుమతి ఉన్న రికార్డులు కొన్ని తీశాను. చాలావాటిలో అమ్మ, నాన్న, అక్క. ఒకదానిలో సంబంధం అన్నచోట చిన్న గీత గీసి ఉంది, కింద ల్యాండ్‌లైన్ నంబరు. ఎక్కడో చూసిన నంబరులా ఉందే అనుకుని, నా ముందున్న ఫోన్ మీద అంటించిన స్టిక్కరు వైపు చూశాను. మా డెస్కు నంబరే.